నీరు లోనికి వచ్చే దారి



సముద్రపు ఒడ్డున నిలిచి బోటును చూచేవారు దాని రంగును చూస్తారు, వలలను చూస్తారు, వెనుకనున్న పంకాను చూస్తారు. అయితే నీటిలో మునిగి ఉండే దాని అడుగున, కావాలని తొలిచిన బెజ్జములు ఉంటాయని మెట్ట ప్రాంతపు పాఠకులలో చాలామందికి తెలియకపోవచ్చును. నీటి మీద తేలవలసిన దానికి నీటి క్రింద బెజ్జమెందుకు? ఇంజను చల్లబడుటకు. లారీ ఇంజనుకు ముందుభాగములో రేడియేటరు ఉంటుంది, పరుగెత్తుతుంటే గాలి తగిలి చల్లబడుతుంది. బోటు ఇంజను గదిలో గాలి ఆడదు. గనుక సముద్రపు నీటినే లోనికి తోడి, ఇంజను వేడిని ఆ నీటికి ఇచ్చి, తిరిగి సముద్రములోనికే వదులుతారు.

ఆ నీరు వచ్చే దారి పెద్దదేమీ కాదు. రెండు వ్రేళ్ళ వెడల్పు గొట్టము. బెజ్జమునకు బయట ఒక జల్లెడ, లోపలివైపు ఒక వాల్వు, దానినే సీకాక్ అంటారు. ఆ తరువాత రబ్బరు గొట్టము, చెత్తను ఆపే జల్లెడ పెట్టె, రబ్బరు రెక్కల పంపు, చివరకు ఇంజను. మన పొలములో మోటారుకు ఫుట్ వాల్వు ఎలాంటిదో, బోటుకు ఈ బెజ్జము అలాంటిది. ఫుట్ వాల్వు మూసుకుపోతే ఒక తడి తప్పుతుంది. ఇది మూసుకుపోతే నడిసముద్రములో ఇంజను ఆగుతుంది.

మా అత్తవారిది కాకినాడ. మా బావమరిది, అతని పెదనాన్న కుమారులిద్దరు కలిసి ఒక మరబోటు నడుపుతున్నారు. మూడు కుటుంబముల అప్పు దాని మీద ఉంది, ఎనిమిదిమంది మనుషుల కూలి దాని మీద ఉంది. కొన్ని సంవత్సరముల క్రితము ఆ బోటు వేట నిషేధము ముగిసిన తరువాత మొదటి వేటకు వెళ్ళింది. తూర్పు తీరములో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు వేటకు వెళ్ళకూడదు. 2015కు ముందు ఇది 47 రోజులే. చేపలు గుడ్లు పెట్టే కాలము గనుక ఆ నియమము మంచిదే. అయితే ఆ రెండు నెలలు బోటు ఉప్పుటేరులో కదలకుండా కట్టివేసి ఉంటుంది. వేసవిలో గోదావరి నీరు తక్కువగా దిగుతుంది గనుక ఏటిలో ఉప్పు పెరుగుతుంది. వెచ్చని ఉప్పునీరు, కదలని బోటు; అంటుకొని పెరిగే జీవులకు ఇంతకంటె అనుకూలమైన చోటు ఉండదు.

రెండవ రోజు రాత్రి ఇంజను వేడెక్కింది. సరంగు అనుభవముగలవాడు, వెంటనే ఆపివేశాడు. పంపు విప్పి చూస్తే రబ్బరు రెక్కలు అరిగి తునకలై ఉన్నాయట. కొత్త రెక్కలు వేసి మరల నడిపినా నీరు సన్నగానే వచ్చింది. అలా తెల్లవారేవరకు గాలికి కొట్టుకొనిపోయి, ఉదయము వేరొక బోటువారు చూచి లాగుకొని వచ్చారు. వారి డీజిలు ఖర్చు ఇవ్వవలసి వచ్చింది, పట్టిన కొద్ది చేప ఐసు కరిగి పాడయిపోయింది. మనుషులు మాత్రము క్షేమముగా వచ్చారు.

కబురు అంది మేము కాకినాడ చేరేసరికి బోటును ఒడ్డుకు ఎక్కించారు. మేస్త్రి ఆ బెజ్జములోనికి టార్చిలైటు వేసి చూడమన్నాడు. గొట్టము లోపలి గోడలనిండా తెల్లని చిన్న చిన్న చిప్పలు, ఒకదానిపైన ఒకటి. నీరు రావడానికి మధ్యలో పెన్సిలంత సందు మిగిలింది. బోటు అడుగంతా నిషేధమునకు ముందు రంగు వేసినదే. ఆ రంగు మీద చిప్పలు చాలా తక్కువ. కుంచె దూరని చోట మాత్రము అవి కాపురము పెట్టాయి.

ఈ చిప్పను ఇంగ్లీషులో బార్నకిల్ అంటారు. చూడటానికి నత్తజాతి అనిపిస్తుంది. పూర్వము పండితులు కూడా అలాగే అనుకున్నారు. అయితే 1830లో జాన్ వాన్ థాంప్సన్ అనే సైనిక వైద్యుడు దాని పిల్లలను నీటిలో ఈదుచుండగా గమనించి, ఇది రొయ్యకు, పీతకు చుట్టమని చూపించాడు. పుట్టినప్పుడు అది కంటికి ఆనని పిల్ల. కొన్నిసార్లు కుబుసము విడిచిన తరువాత, మేత కూడా మాని, నిలిచే చోటు వెదకుతుంది. ముందరి మీసములతో తడిమి తడిమి చూచి, నచ్చిన చోట ఒక విధమైన జిగురుతో తలను అతికించుకొని, చుట్టూ సున్నపు గోడ కట్టుకొంటుంది. ఇక జీవితాంతము అక్కడినుండి కదలదు. కాళ్ళను బయటకు చాపి నీటిలోని మేతను ఒడిసిపట్టుకొంటుంది. తన జాతివారు ఇంతకుముందే ఉన్న చోటునే అది ఎక్కువగా కోరుకొంటుంది. గనుక గొట్టములో పది చిప్పలను గీకకుండా విడిచిపెడితే, అవి వందమందిని పిలుచుకొన్నట్లే. గొట్టము లోపల అలల తాకిడి లేదు, ఎండ లేదు, గీకేవారు లేరు. అందుకే అది వాటికి కోటలాంటిది.

మేస్త్రి అర పూటలో గొట్టము గీకి శుభ్రము చేశాడు. పెద్దన్నగారు, "ఇక నీళ్ళు వస్తాయి గదా, రేపు దించుదాము" అన్నారు. మేస్త్రి మాట్లాడకుండా సీకాక్ పిడిని పట్టుకొని త్రిప్పబోయాడు. అది కదలలేదు. లోపలి గుండు చుట్టూ చిప్పలు పట్టి బిగిసిపోయింది. ఇంకొంచెము బలము పెట్టేసరికి పిడి విరిగి చేతిలోనికి వచ్చింది. విరిగిన చోట పసుపు రంగు లేదు, గులాబి రంగు తేలిన గుల్ల లోహము. "అయ్యగారూ, ఇది ఇత్తడి. సముద్రపు నీరు దీనిలోని జింకును తినివేసింది. నీళ్ళు వచ్చే దారి నేను తెరిచాను. నీళ్ళను ఆపే దారి లేదు" అన్నాడు.

సంగతి ఏమిటంటే, ఆ వాల్వుకు పైనున్నది ఒక రబ్బరు గొట్టము మాత్రమే. అది పగిలినా, దాని పట్టీ జారినా, సీకాక్ మూయాలి. మూయలేకపోతే సముద్రము లోనికి వస్తుంది. పాలిటెక్నిక్ చదువుచున్న మా పెద్దబ్బాయి అక్కడే లెక్క వేశాడు. అంగుళమున్నర బెజ్జము నీటిమట్టమునకు రెండడుగుల లోతున ఉంటే, నిమిషమునకు సుమారు 140 లీటర్ల నీరు లోనికి వస్తుంది. అంటే 15 లీటర్లు పట్టే బిందెలతో తొమ్మిదికి పైగా. నిద్రలో ఉన్న మనుషులు లేచి, దీపము వెదకి, కారణము కనిపెట్టేసరికి పది నిమిషములయితే తొంబది బిందెలు. ఇంజను మునిగిన తరువాత దానితో తిరిగే పంపు కూడా పనిచేయదు.

అయినా పెద్దన్నగారి మాటలో అన్యాయమేమీ లేదు. "అరవైఒక్క రోజులు కూర్చొని తిన్నాము. వడ్డీ ఆగదు. మిగతా బోట్లు సముద్రము మీద ఉన్నాయి. కంచు వాల్వులంటే రెండు బెజ్జములకూ కలిపి చిన్న ఖర్చు కాదు, తెప్పించడానికి మూడు రోజులు. ఇన్నేళ్ళు ఈ ఇత్తడితోనే నడిచింది గదా" అన్నారు. మా బావమరిది తల వంచుకొని నిలుచున్నాడు. అన్న మాటకు ఎదురు చెప్పలేడు. అప్పుడు వారు, "మీరేమంటారు అయ్యగారూ?" అని మమ్మల్ని అడిగారు.

బోటు పని మాది కాదు. గనుక మేము తీర్పు చెప్పలేదు. "బోటు ముగ్గురిది. అయితే దానిలో పడుకొనేది ఎనిమిదిమంది. ఈ విరిగిన పిడిని వారి చేతికి ఇచ్చి, ఇప్పుడే దించుదామా, మూడు రోజులు ఆగుదామా అని అడగండి" అన్నాము. కళాసులను పిలిచారు. పిడి ఒకరి చేతిలోనుండి ఒకరి చేతికి వెళ్ళింది. అందరికంటె చిన్నవాడు, ఇరవై ఏండ్లు కూడా ఉండవు, "నేను పడుకొనేది ఇంజను పక్కనే, బాబాయి" అన్నాడు. ఇంకేమీ అనలేదు. పెద్దన్నగారు కొంచెము సేపు ఆ పిల్లవాని ముఖము చూచి, జేబులోనుండి ఫోను తీసి వాల్వులకు చెప్పారు. ఆ మూడు రోజులకు కళాసులు బత్తెము అడగలేదు. మా అత్తగారు మాత్రము వారందరికీ మూడు పూటలా వండిపెట్టారు.

ఆ మూడు రోజులలో మేస్త్రి పక్కన కూర్చొని విన్న సంగతులు, ఆ తరువాత చదివి తెలిసికొన్న సంగతులు పాఠకులకు చెప్పాలని మా కోరిక.

ఓడలకు అంటుకొనే ఈ జీవులతో మనుష్యుని పోరాటము చాలా పాతది. 1761లో ఇంగ్లాండు నౌకాదళము వారు అలారం అనే యుద్ధనౌక అడుగున రాగి రేకులు తాపడము చేశారు. రాగి నీటిలో కొంచెము కొంచెముగా కరుగుతుంది, ఆ కరిగిన రాగి చిప్పలకు విషము. తాపడము చక్కగా పనిచేసింది గాని, రెండేండ్ల తరువాత చూస్తే రేకులను పట్టి ఉంచిన ఇనుప మేకులు తినివేయబడ్డాయి. రాగి, ఇనుము ఉప్పునీటిలో తాకి ఉంటే ఇనుము కరిగిపోతుంది. 1824లో సర్ హంఫ్రీ డేవీ ఈ గుణమునే తిప్పి వాడాడు. రాగి రేకుకు చిన్న జింకు ముక్కనో ఇనుప ముక్కనో తగిలిస్తే, ఆ ముక్క కరిగి రాగిని కాపాడుతుందని చూపించాడు. నిజముగానే రాగి కరగలేదు. అయితే కరగని రాగిలో విషము లేదు గనుక చిప్పలు మరల గుంపులుగా పట్టాయి. కొద్ది కాలములోనే ఓడలకు ఆ పద్ధతి విరమించుకొన్నారు.

ఈ పాఠము నేటి బోటుకూ వర్తిస్తుంది. సీకాక్ తినివేయబడకుండా దానికి జింకు దిమ్మను తీగతో కలుపుతారు. అది మంచిదే. అయితే అలా కలిపిన కంచులోనుండి రాగి విడుదల కాదు గనుక దాని లోపల చిప్పలు ఎక్కువ పడతాయి. కాబట్టి జింకు కట్టినవారు గొట్టము లోపల రంగు వేయడము మరువకూడదు.

రంగు సంగతి కూడా ఒకటి ఉంది. 1960ల తరువాత తగరముతో చేసిన ఒక విషపు రంగు ప్రపంచమంతటా వ్యాపించింది. ట్రైబ్యుటైల్ టిన్ దాని పేరు. చిప్పలు దగ్గరకు రాలేదు. అయితే ఫ్రాన్సు దేశములోని ఆర్కషాన్ ఖాతములో పెంచే ఆల్చిప్పలు వంకరపోయి, వాటి పిల్లలు బ్రదకలేదు. 1982లో ఆ దేశము చిన్న పడవలకు ఆ రంగును నిషేధించింది. 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక 2008 సెప్టెంబరులో అమలులోనికి వచ్చిన తరువాత పెద్ద ఓడలకు కూడా దానిని వాడకూడదు. ఇప్పుడు ఎక్కువగా దొరికేవి రాగి రంగులు. చిప్పలను చంపేది చేపపిల్లకు కూడా హాని చేయగలదని వేటగాడే మొదట గ్రహించాలి.

శుభ్రము చేయని గొట్టము ఒక్క బోటుకే గాక ఒక రేవుకంతటికీ కీడు తేగలదు. నల్లచారల ఆల్చిప్ప ఒకటి ఉంది. దాని స్వస్థలము అమెరికా ఖండపు వెచ్చని సముద్రములు. 1967 నాటికి అది మన విశాఖపట్నము ఓడరేవులో కనిపించింది, తరువాత అక్కడే స్థిరపడింది. అదే ఆల్చిప్ప 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ పట్టణపు పడవల రేవులలో బయటపడింది. అక్కడివారు ఆ రేవులను మూసివేసి, నీటిలో బ్లీచింగు ద్రావకము, మైలుతుత్తము కలిపి దానిని నిర్మూలించారు. దానితో ఆగక, ఆ రేవులనుండి వెళ్ళిన పడవలను కూడా వెదకి, వాటి లోపలి గొట్టములకు సహితము మందు వేశారు. పడవ అడుగు గీకినా, ఆ రెండంగుళముల గొట్టములో పది ఆల్చిప్పలు దాగి ఉంటే చాలునని వారికి తెలుసు.

ఇక బోటువారి ఇండ్లలో చేయవలసిన పని.

ఏప్రిల్‌లో బోటును ఒడ్డుకు ఎక్కించినవారు బయటి జల్లెడ విప్పి, గొట్టము లోపల మొద్దు ఉలితోనో కర్రతోనో గోడ కనిపించేవరకు గీకవలెను. చిప్ప పోయినా దాని సున్నపు ముద్ర మిగలకూడదు. తరువాత పొడవాటి పిడిగల కుంచెతో, చేరగలిగినంత లోతు వరకు, రెండు పూతలు రంగు వేయవలెను. జింకు దిమ్మకు మాత్రము రంగు తగలకూడదు, తగిలితే అది పనిచేయదు. అల్యూమినియము బోటయితే రాగి రంగు వాడకూడదు, లోహమునే తినివేస్తుంది.

బోటు నీటిలోనే కట్టి ఉంచేవారు మంచినీటిని వాడుకోవచ్చును. సీకాక్ మూసి, లోపలి జల్లెడ పెట్టె మూత తీసి, ఒకరు పీపాలోని మంచినీళ్ళు ధారగా పోయుచుండగా ఇంజనును నెమ్మదిగా నడపాలి. పీపా ఖాళీ కాకముందే ఇంజను ఆపాలి. నీరు లేకుండా నడిస్తే పంపు రబ్బరు రెక్కలు కొద్దిసేపటికే పాడవుతాయి. మంచినీరు ఉప్పునీటి జీవులకు సరిపడదు. మూసిన గొట్టములో వాటికి మేత లేదు, ప్రాణవాయువు కూడా త్వరలో తరిగిపోతుంది. వాల్వుకు బయటనున్న మూరెడు లోపు భాగమునకు మాత్రము ఈ ఉపాయము చాలదు. దానికి మెత్తని చెక్కతో బిరడా చేసి బయటనుండి బిగించవచ్చును. అలా బిగించినవారు ఇంజను తాళము దగ్గర ఎర్ర గుడ్డ కట్టవలెను. సీకాక్ మూసినప్పుడు కూడా అంతే. ఆ గుడ్డ విప్పకుండా ఎవరూ ఇంజను వేయకూడదు. అడుగుకు మనిషి దిగినప్పుడు తాళపుచెవి ఒడ్డున ఒకరి చేతిలో ఉండాలి.

పదిహేను రోజులకొకసారి సీకాక్ పిడిని అటు ఇటు త్రిప్పవలెను. ఒక్క నిమిషము పని. అది చిన్న చిప్పలను నలిపివేస్తుంది, వాల్వు బిగిసిపోకుండా కాపాడుతుంది. ప్రతి బెజ్జము ప్రక్కన దానికి సరిపడే మెత్తని చెక్క మేకు ఒకటి తాడుతో కట్టి ఉంచండి. గొట్టము పగిలిన రాత్రి దానిని వెదకే వ్యవధి ఉండదు.

కొందరు యాసిడ్ పోస్తారు. యాసిడ్‌కు సున్నము పొంగి కరుగుతుంది, నిజమే. అయితే గాఢమైన యాసిడ్ లోహమును కూడా తింటుంది, కండ్లు పోగొడుతుంది. యాసిడ్‌ను, బ్లీచింగును ఒకే చోట ఎన్నడూ కలుపకండి. విషపు గాలి పుడుతుంది. ఇరుకైన ఇంజను గదిలో అది ప్రాణము తీస్తుంది.

కొనేటప్పుడు ఇత్తడికి, కంచుకు తేడా చూడండి. ఇత్తడి రాగి, జింకుల కలయిక. కంచు రాగి, తగరముల కలయిక. బిందె ఇత్తడిదైతే ఫరవాలేదు, మంచినీటిలో ఏండ్లు నిలుస్తుంది. నీటి క్రింద ఎనిమిదిమంది ప్రాణములను ఆపి ఉంచే వాల్వు మాత్రము గుడి గంటలాగా కంచుదై ఉండాలి. పాత వాల్వును చాకుతో గీచి చూడండి. పసుపుకు బదులు గులాబి రంగు కనిపిస్తే, అది పైకి ఎంత గట్టిగా ఉన్నా దానిని నమ్మవద్దు.

మా బావమరిది ఇంట ఇప్పుడు గోడ మీద క్యాలెండరులో ఏప్రిల్ 15 ప్రక్కన పెన్నుతో నాలుగు మాటలు వ్రాసి ఉంటాయి: గీకుట, రంగు, మంచినీరు, పిడి. వ్రాసేది పెద్దన్నగారే. మన పాఠకులలో సముద్రపు ఒడ్డున బంధువులున్నవారు, నిషేధము మొదలు కాకముందే ఈ పేజీని వారికి చదివి వినిపించండి. బోటు లేనివారు ఈ వారములో ఒకసారి తమ మోటారు ఫుట్ వాల్వును పైకి తీసి చూడండి.